వేరు మందు, ఆకు మందు

గొట్టాలాయన మొదటి దెబ్బ తలుపు మీద వేశాడు. తలుపు తెరిచే ఉంది. పైభాగంలో బిగించిన అద్దం పగిలి గచ్చు నిండా పడింది. తెరిచి ఉన్న తలుపును కొట్టేవాడికి లోపలికి రావడం ముఖ్యం కాదు, వచ్చానని తెలియడం ముఖ్యం. రెండో దెబ్బ తోడల్లుడి భుజం మీద వేశాడు.

ఆ తోడల్లుడు పొయ్యి దగ్గర నిలబడి జామాకు కషాయాన్ని గుడ్డలో వడకడుతున్నాడు. దెబ్బకు గిన్నె జారి కషాయం పాదాల మీద ఒలికింది. అతను పళ్లు బిగపట్టి, గోడను ఆనుకుని, "చూసి నడువు తమ్ముడూ, కింద గాజు పెంకులున్నాయి" అన్నాడు.

"నీళ్లమ్మావు నాకు," అన్నాడు గొట్టాలాయన. అతని చేతిలో ఉన్నది పాలీహౌస్ చట్రానికి వాడే ఇనప గొట్టం, నిలువెత్తులో సగం. "డబ్బాల్లో నీళ్లు నింపి అమ్మావు. సొంత మనిషివని నెత్తిన పెట్టుకున్నాను."

ఇద్దరూ అక్కాచెల్లెళ్లను చేసుకున్నవాళ్లు. చిన్నల్లుడు గొట్టాలు వంచి, అతికి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి ఊరందరికీ పాలీహౌస్‌లు కట్టి ఇచ్చేవాడు. తర్వాత తన కోసం కొన్ని కట్టుకుని టమాటా వేశాడు. అందువల్ల అందరికీ అతను గొట్టాలాయన. పెద్దల్లుడు మూతపడిన రొట్టెల కార్ఖానాను అద్దెకు తీసుకుని భార్యతో కలిసి అందులో పంటల మందులు తయారు చేసేవాడు. ఏ పూట చూసినా ఒంటి మీద పులిసిన వాసన వేసేది కాబట్టి అతను పులుపాయన. ఆ పేరు పెట్టింది మరదలే. "బావ వీధి చివర ఉండగానే తెలిసిపోతుంది, కాకి కబురు అక్కర్లేదు" అనేది.

వాళ్లు తయారు చేసేవి రెండు మందులు. వేరు మందు తెల్ల డబ్బాలో ఉంటుంది. అందులో ఉండేది బ్యాక్టీరియా. బలంగా ఉన్న మొక్కల వేళ్ల చుట్టూ ఉన్న మట్టి నుంచి అక్క దాన్ని వేరు చేసి, పీపాల్లో పెంచింది. మొక్క మొదట్లో పోస్తే అది వేళ్లను ఆక్రమించుకుంటుంది. ఎండు తెగులు తెచ్చే బ్యాక్టీరియాకు చోటు మిగల్చదు. ఆకు మందు నల్ల డబ్బాలో ఉంటుంది, వెలుతురు తగలకుండా. జామాకు కషాయంలో వెండి లవణం కలిపి చేసేది అది. లేత పసుపు రంగు ద్రవం చూస్తుండగా టీ డికాషన్ రంగుకు తిరిగిందంటే వెండి నానో కణాలు పుట్టాయని అర్థం. ఒక వెంట్రుక మందంలో అలాంటివి వేలకు వేలు ఇముడుతాయి. ఆకుల మీద పిచికారీ చేస్తే అవి మచ్చ తెగులు క్రిముల గోడలను పొడిచి చంపుతాయి.

డబ్బాల మీద 'మిత్ర సూక్ష్మజీవులు' అని అచ్చు వేయించింది పులుపాయన. అక్కకు ఆ మాట ఎన్నడూ మింగుడుపడలేదు. తాను పెంచేవాటికి ఎవరితోనూ మైత్రి లేదు. చుట్టూ ఉన్న ఇనుమునంతా అవే లాక్కుని పక్కవాటిని మాడ్చి చంపుతాయి. విషం చిమ్ముతాయి. మొక్క బతకాలన్నది వాటి ఉద్దేశం కాదు. వాటి హత్యల వల్ల మొక్క బతుకుతుంది, అంతే. మేలు పొందినవాళ్లు ఆ హత్యకు స్నేహమని పేరు పెట్టుకుంటారు. ఇది ఆమె ఒకసారి భర్తతో అంటే, "డబ్బా మీద అదంతా పట్టదే" అన్నాడు.

తలుపు అద్దం పగిలిన చప్పుడు వినేసరికి అక్క లోపలి గదిలో ఉంది. ఆమె ముందు రెండు గాజు పళ్లేలున్నాయి. రెండింటిలోనూ బ్యాక్టీరియా తిని పెరిగే ఒకటే జిగురు మేత. మొదటిదాని మీద ఆమె మూత తీయని తెల్ల డబ్బాలోంచి ఒక చుక్క పూసింది. నీలి దీపం కింద ఆ పళ్లెం అంతా పచ్చగా వెలుగుతోంది. రెండోదాని మీద పూసిన చుక్క గొట్టాలాయన పాలీహౌస్‌లో మొక్కలకు మందు పోసిన ట్యాంకు అడుగులోది. మొక్కలు వాలడం మొదలైన రోజు చెల్లెలే సీసాలో పట్టి, మొగుడికి తెలియకుండా తెచ్చి ఇచ్చింది. ఆ పళ్లెం ఖాళీగా ఉంది. కడిగి ఆరబెట్టినట్టుంది.

ఖాళీ పళ్లెం చూడగానే ఆ పొద్దున అక్క చెల్లెలికి ఫోన్ చేసింది.

"ట్యాంకులో వేరు మందు ఒక్కటే పోశావా?"

"రెండూ పోశాను."

"రెండూ అంటే ఏంటే?"

"తెల్లదీ, నల్లదీ. ఏం, పోయకూడదా? బయటివాళ్ల మందులైతే భయపడాలి గానీ, రెండూ మీ ఇంట్లోవేగా. ఒక ఇంట్లోంచి వచ్చినవి ఒకదాన్నొకటి చంపుకుంటాయా?"

"కలపొద్దని డబ్బా మీద రాశాం కదే."

"నీ డబ్బా మీద రాసింది నేను చదవాలా? నువ్వు అన్నం పెట్టినప్పుడు కంచం మీద ఏం రాసుందో చూసుకుని తింటున్నానా?" అని నవ్వబోయి ఆగింది. "ఏమైందక్కా?"

అక్క చెప్పింది. వెండి కణాలకు మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అన్న తేడా తెలియదని. ట్యాంకులోనే వేరు మందు మొత్తం చచ్చిపోయిందని. ఆ నీళ్లు పోసిన మట్టిలో అంతకుముందు కాపలా ఉన్నవి కూడా చచ్చి ఉంటాయని. తెగులుకు తలుపు బార్లా తెరిచినట్టయిందని.

"విడివిడిగా వాడాలంటే మధ్యలో వారం ఆగాలన్నావు," అంది చెల్లెలు. "ఆయన ఆగే మనిషా? సాయంత్రానికల్లా రెండూ అయిపోవాలని పక్కనే నిలబడ్డాడు. ఆయన ఫోన్ మాట్లాడుతుంటే రెండూ ఒకటే ట్యాంకులో పోసేశాను."

"ఆయనకు తెలుసా?"

"తెలిస్తే నీతో ఇలా మాట్లాడేదాన్నా? నువ్వు చెప్పకు. బావకు కూడా చెప్పకు. బావ కడుపులో మాట దాగదు."

అక్క చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం చెల్లెలి చిటికెన వేలు. అది వంకరగా అతుక్కుని ఉంటుంది. బీరువా తలుపులో నలిగిందని చెప్పింది. ఆ ఇంట్లో బీరువా లేదు. బట్టలన్నీ దండెం మీద ఉంటాయి.

ఇప్పుడు కిటికీలోంచి అక్కకు ఆవరణ కనిపిస్తోంది. ట్రక్కు వెనక తలుపు దించి, మేస్త్రీ, ఇద్దరు కూలీలు వాలిపోయిన టమాటా మొక్కలను వేళ్లతో సహా కిందికి తోస్తున్నారు. కాయలు పచ్చివి. ట్రక్కు ముందు సీట్లో చెల్లెలు కూర్చుని ఉంది. అద్దం ఎత్తి ఉంది. ఆమె ఇటు చూడటం లేదు.

గొట్టాలాయన తోడల్లుడి చొక్కా పట్టుకుని ఆవరణలోకి ఈడ్చి ఆ కుప్ప మీదికి తోశాడు. పులుపాయన మోకాళ్ల మీద పడ్డాడు. పెదవి చిట్లింది.

"చూడు. మొన్నటి దాకా పచ్చగా ఉన్నవి. ఆకు కూడా పండలేదు, నిలబడ్డ చోటే చచ్చాయి. ఒక్క వరస మిగల్లేదు."

"పీకుతుంటే ఏడుపు ఆగలేదన్నా," అన్నాడు మేస్త్రీ పులుపాయనతో. "మా ఆవిడ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు."

"మీ ఆవిడ ఎప్పుడు పోయింది?"

"పుట్టింటికి పోయిందన్నా."

కూలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. గొట్టాలాయన అటు చూడకుండానే గొట్టం వెనక్కి విసిరినట్టు ఊపాడు. అది వాడి తొడకు తగిలింది. వాడు కుంటుకుంటూ ట్రక్కు చాటుకు పోయాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

పులుపాయన చేత్తో పెదవి తుడుచుకుని ఒక మొక్కను తీసుకున్నాడు. వేలితో కాండం నొక్కి చూశాడు. భయంలో కూడా అతనికి పని గుర్తుంటుంది; అది అతని బలమో, లోకం తెలియనితనమో అక్కకు పెళ్లయిన నాటి నుంచి తేలలేదు. "ఒక గ్లాసు నీళ్లు ఇప్పించు," అన్నాడు. "నీళ్లో కాదో ఇక్కడే తేలుతుంది."

మేస్త్రీ గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. పులుపాయన జేబులోని బ్లేడుతో కాండాన్ని అడ్డంగా కోసి, కోసిన కొస నీళ్లకు ఆనేలా పట్టుకున్నాడు. "కదపకండి" అన్నాడు. అందరూ వంగి చూశారు, గొట్టం పట్టుకున్నవాడు కూడా. కొంతసేపటికి కాండం కొస నుంచి తెల్లటి దారం ఒకటి నీళ్లలోకి దిగింది. పాలచుక్క జారినట్టు మెల్లగా, మెలికలు తిరుగుతూ అడుగుకు చేరింది. దాని వెనక మరొకటి.

"ఇదే ఎండు తెగులు," అన్నాడు పులుపాయన. అతని గొంతులో ఊరట ఉంది. "కాండం నిండా ఇవే. నీళ్లు పైకి ఎక్కకుండా గొంతు నులిమేశాయి. నా మందులో విషం లేదు తమ్ముడూ. చంపింది మట్టిలో ఉన్న తెగులు."

గొట్టాలాయన గ్లాసు వైపు చూస్తూనే ఉన్నాడు. "మరి దాన్ని చంపుతుందనేగా నీ మందు పోయించావు?"

పులుపాయన తాను నిర్దోషినని చూపించబోయి తన మందు పనిచేయలేదని చూపించాడు.

గొట్టాలాయన గ్లాసును కాలితో తన్ని కార్ఖానాలోకి నడిచాడు. పులుపాయన లేచి వెనకే వచ్చాడు. పీపాలు వరసగా ఉన్నాయి. మొదటి పీపా పొట్ట మీద కొట్టాడు. సొట్ట పడింది గానీ పగల్లేదు. కుళాయి మీద కొట్టాడు. కుళాయి ఊడి, పుల్లటి చిక్కటి ద్రవం గచ్చు మీదికి ఎగదన్నింది. రెండోది, మూడోది. పాదాలు మునిగేంత మడుగు అయింది. తర్వాత ఫ్రిజ్ తెరిచాడు. అందులో ఒక పెట్టెలో దూది బిరడాలు పెట్టిన సన్నటి గాజు గొట్టాలు నిలబడి ఉన్నాయి. పాలకు తోడు వేసినట్టు ప్రతి కొత్త పీపాకూ వాటిలోంచే చుక్క వేస్తారు. అక్క ఎన్నో ఏళ్లు మట్టి జల్లించి పట్టుకున్నవి అవి. అతను గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, ఆ పెట్టెను రెండు చేతులతో ఎత్తి గోడకు కొట్టాడు.

అక్క గదిలోంచి బయటికి వచ్చింది. చేతిలో రెండు పళ్లేలున్నాయి.

"నువ్వు పక్కకు జరుగు వదినా. నీకూ నాకూ గొడవ లేదు."

"ఉంది మరిదీ. మందు చేసింది నేను."

"చేసింది ఎవరైనా, అరచేతిలో స్వర్గం చూపించి అంటగట్టింది ఈయన. పిల్లల్లేరు కాబట్టి పురుగుల్ని పెంచుకుంటున్నారు, మంచిదే, పెంచుకోండి. వాటిని నా పంట మీదికి ఎందుకు తోలారు?"

ఆ మాట ఆమెకు తగిలింది. కానీ ఆ క్షణంలో నొప్పి పెట్టడానికి దానికి తీరిక దొరకలేదు. అతను పులుపాయన మెడ పట్టుకుని రాతి బల్ల దగ్గరికి తెచ్చాడు. మణికట్టు పట్టుకుని అరచేతిని బల్లకు అదిమాడు. వెండి లవణం అంటీ అంటీ ఆ వేళ్లు కొసల దాకా నల్లబడి ఉన్నాయి.

"ఈ చేతులతోనేగా కలిపావు. ఇంకెవడికీ కలపకుండా చేస్తాను."

గొట్టం పైకి లేచింది.

"ఆగు," అంది అక్క. "మందు మంచిదే. డబ్బాలో బతికే ఉంది. నీ ట్యాంకులో చచ్చింది. చూడు."

ఆమె పళ్లేలను బల్ల మీద, భర్త చేతికి పక్కనే పెట్టింది. "ఇది డబ్బాలోది. ఇది నీ ట్యాంకులోది. ఆకు మందు కలిస్తేనే ఇలా అవుతుంది. రెండూ ఒక ట్యాంకులో కలిశాయి."

గొట్టాలాయన ఖాళీ పళ్లేన్ని చూశాడు. అతను మూర్ఖుడు కాడు. వంపులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే పనివాడు. గొట్టం మెల్లగా దిగింది. అక్క ఊపిరి వదిలింది.

"ఎవరు కలిపారు?" అన్నాడు అతను.

నిజం చేతిని ఆపుతుందని ఆమె నమ్మింది. చదివిన ప్రతి పుస్తకమూ ఏదో ఒక రూపంలో ఆ మాటే చెప్పింది. నిజం చేతిని ఆపలేదు. ఈసారి ఎవరిని కొట్టాలో మాత్రమే అడిగింది. ఆమె సగం నిజం చెప్పి భర్తను దించింది. తక్కిన సగం చెబితే చెల్లెలు ఆ బల్ల మీదికి ఎక్కుతుంది. చెప్పకూడదనుకుంది. నోరు మూసుకుంది. కానీ కళ్లు ఆమె మాట వినలేదు. ఒక్క క్షణం అవి ట్రక్కు వైపు వెళ్లి వచ్చాయి.

ఆ చూపును గొట్టాలాయన గమనించలేదు. పులుపాయన గమనించాడు.

"నేనే," అన్నాడు పులుపాయన. "ఇక్కడే కలిపాను. రెండూ కలిపి ఇస్తే నీకు ఒక పని తగ్గుతుందని. బుద్ధి గడ్డి తిని చేశాను తమ్ముడూ."

బావ కడుపులో మాట దాగదని అన్న చెల్లెలి అంచనా తప్పు. దాగింది. దానికి ఖరీదుగా గొట్టం దిగింది.

ఎండు పుల్ల విరిగిన చప్పుడు కాదు అది. తడి గుడ్డలో చుట్టిన గాజును తొక్కినట్టుంది. పులుపాయన గట్టిగా కేక వేయలేదు. గాలి లోపలికి పీల్చుకుని అలాగే ఉండిపోయాడు. చేతి వెనక చర్మం చిట్లి తెల్లగా ఒకటి బయటికి వచ్చింది. రక్తం పళ్లేల కిందికి పాకింది. గొట్టం మళ్లీ లేచింది. అక్క దాన్ని ఎత్తిన చేతికి వేలాడింది. అతను మోచేత్తో ఒక్క విసురు విసిరాడు. ఆమె వెళ్లి మడుగులో పడింది.

"బావని వదులు! నేను కలిపాను."

చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ఉంది. చెప్పులు లేవు. "బావకు ఏమీ తెలియదు. నువ్వు తొందరపెట్టావు, నేను కలిపాను. అక్కకు పొద్దున తెలిసింది. ఇంకేం తెలుసుకోవాలి నీకు?"

గొట్టాలాయన పులుపాయన చెయ్యి వదిలేశాడు. అతని ముఖంలో కోపం తగ్గింది. అదే భయంకరంగా ఉంది. వెతుకుతున్న వస్తువు సొంత జేబులో దొరికినవాడిలా ఉన్నాడు.

"అందరి ముందూ నన్ను వెధవను చేశావు," అన్నాడు తగ్గు గొంతుతో. "ఇందాకట్నుంచి బండిలో కూర్చుని చూస్తున్నావు."

"అన్నా, వద్దన్నా," అన్నాడు మేస్త్రీ ఆవరణలోంచి. అతను అడుగు మాత్రం కదపలేదు.

మొదటి దెబ్బకు చెల్లెలు వెనక్కి తిరిగింది, ముఖానికి తగలకుండా. అలవాటైనవాళ్లు తిరిగే తీరు అది. ఏ వైపు తిరగాలో, తల ఎంత వంచాలో ఆ ఒంటికి ముందే తెలుసు. గొట్టం వీపు మీద అడ్డంగా పడింది. ఆమె గాజు పెంకుల మీద బోర్లా పడింది. అతను ఆమె జుట్టు ఎడమ చేతికి చుట్టుకుని తల పైకి లాగాడు. కుడి చెయ్యి మళ్లీ పైకి వెళ్లింది.

అక్క చేతికి దొరికింది పీపాలో మందు కలిపే ఉక్కు కడ్డీ. మడుగులోంచి లేస్తూనే కొట్టింది. మొదటిది అతని భుజం మీద పడింది. జుట్టు వదిలేశాడు గానీ గొట్టం వదల్లేదు. అది పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. రెండోది మణికట్టు మీద పడింది. గొట్టం జారి, గచ్చు మీద మోగుతూ దొర్లి మడుగులో ఆగింది. అతను తూలి, జారి, వెల్లకిలా పడ్డాడు. మంచి చెయ్యి అడ్డంగా పెట్టాడు. అరచెయ్యి తెరిచి ఉంది.

"చాలు," అన్నాడు. "చాలు వదినా."

ఆమె విన్నది. మాట స్పష్టంగా విన్నది. గొట్టం ఎక్కడ ఉందో చూసింది. అతనికి అందనంత దూరంలో ఉంది. ఇవన్నీ తెలిసి కడ్డీని రెండు చేతులా ఎత్తి అతని మోకాలి చిప్ప మీద దించింది.

ఇతను లేస్తే మళ్లీ కొడతాడు కదా అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. సరైన కారణమే. అబద్ధం కూడా కాదు. కానీ అది దెబ్బ తర్వాత వచ్చింది. దెబ్బతో పాటు వచ్చింది కారణం కాదు, సుఖం. చేతుల్లోంచి భుజాల దాకా పాకిన సుఖం. దానికి ఏ పేరూ అతకలేదు.

గొట్టాలాయన అరుపు ఆవరణ దాటి వీధిలోకి వెళ్లింది.

చెల్లెలు లేచింది. అరచేతుల నిండా గాజు గుచ్చుకుని ఉంది. అక్క దగ్గరికి రాలేదు. తూలుతూ వెళ్లి మొగుడి తలను ఒళ్లోకి తీసుకుంది. "ఏం చేశావే!" అంది అక్కతో. "చాలంటున్నాడుగా! చెవులు లేవా నీకు?"

మేస్త్రీ, కూలీలు అతన్ని ఎత్తి ట్రక్కులో పడుకోబెట్టారు. పులుపాయన గోడకు చేరగిలబడి, విరిగిన చేతిని రొమ్ముకు అదుముకుని, "నన్ను కూడా ఎక్కించండి. దారే కదా" అన్నాడు. అలా కొట్టినవాడూ దెబ్బతిన్నవాళ్లూ అందరూ ఒకే ట్రక్కులో, వాడిన ఆకుల మధ్య కూర్చుని ఆసుపత్రికి వెళ్లారు.

వరండాలో పొడుగాటి బల్ల ఉంది. అక్క ఒక కొసన, చెల్లెలు మరో కొసన కూర్చున్నారు. లోపల ఒక గదిలో పులుపాయన చెయ్యి అతుకుతున్నారు. ఎదురు గదిలో గొట్టాలాయన ఉన్నాడు. నర్సు వచ్చి మోకాలి చిప్ప ముక్కలైందని, ఇక నిచ్చెనలు ఎక్కే పనులు పెట్టుకోకూడదని చెప్పి వెళ్లింది.

"సంతోషమా?" అంది చెల్లెలు.

"నీ వీపు చూపించుకున్నావా?"

"చేతులు చూపించుకున్నాను. వీపుకేం కాలేదు."

"జాకెట్టు అంటుకుపోయి ఉంది."

"ఉంటే ఉంది. విను. పోలీసులు వస్తారంట. నేను అంతా సర్దాను. ఆయన గొట్టాల మీంచి పడ్డాడు. బావ చెయ్యి మీద పీపా పడింది. నేను గాజు పెంకుల మీద పడ్డాను. మేస్త్రీకి కూడా అదే చెప్పాను."

"అందరం పడ్డాం."

"అందరం పడ్డాం. నీకేం నష్టం? నిన్ను కాపాడుతున్నాను. నువ్వు జైలుకెళ్తే బావకు అన్నం ఎవరు కలిపి పెడతారు? ఆ చేత్తో తినలేడుగా."

అక్క ఆ ఏర్పాటును అన్ని వైపుల నుంచీ చూసింది. బాగా కట్టిన అబద్ధం. దానిలో అందరికీ చోటుంది. ఆమె మూడో దెబ్బ దానిలో హాయిగా దాక్కోగలదు. అయితే దాని పక్కనే అతని దెబ్బలు కూడా దాక్కుంటాయి, ఇవాళ్టివీ, వెనకటివీ, చిప్ప అతుక్కున్నాక పడబోయేవీ. ఒకదాన్ని దాచి తక్కినవాటిని బయటపెట్టడానికి వీలులేదు. అతని చెయ్యి గురించి ఆమె చెప్పేది ఎవరైనా నమ్మాలంటే తన చెయ్యి గురించి ముందు చెప్పాలి. ఇలా ఆలోచిస్తున్నప్పుడు తాను మంచిదాన్నన్న తృప్తి ఏమైనా దొంగచాటుగా వస్తోందేమోనని వెతుక్కుంది. రాలేదు. కడ్డీ బరువు మాత్రం ఇంకా అరచేతుల్లో ఉంది.

పోలీసామె వచ్చింది. వయసులో చెల్లెలి కన్నా చిన్నది. కుర్చీ లాక్కుని కూర్చుని, "పైనుంచి పడ్డాడంటున్నారు. ఎక్కడి నుంచి?" అని అడిగింది.

"పడలేదమ్మా," అంది అక్క. "నేను కొట్టాను."

"అక్కా!"

"అతను గొట్టంతో మా ఆయన చెయ్యి విరగ్గొట్టాడు. తర్వాత మా చెల్లెల్ని వీపు మీద కొట్టి, జుట్టు పట్టుకుని మళ్లీ గొట్టం ఎత్తాడు. అప్పుడు కొట్టాను."

పోలీసామె ఒకసారి చెల్లెలి వైపు, ఒకసారి గదుల వైపు చూసింది. ఇలాంటివి ఎలా ముగుస్తాయో తెలిసిన ముఖం అది. "ఆపడానికి కొట్టారు," అంది సాయం చేస్తున్నట్టు. "ఆత్మరక్షణ అని రాసుకుంటాను."

"రెండు దెబ్బల వరకు అలాగే రాసుకోండి."

"మొత్తం ఎన్ని?"

"మూడు. మూడోదానికి ముందు అతను చాలన్నాడు. నేను విన్నాను."

పోలీసామె కలం ఆగింది. "అది చెప్పాల్సిన పని లేదు మీకు."

"ఉందమ్మా. అది చెప్పకపోతే మొదటిదాన్ని కూడా మీరు నమ్మరు. మా చెల్లెలు పడ్డానని చెబుతుంది. మీరు అదే రాసుకుని వెళ్లిపోతారు. అతను ఇంటికి వస్తాడు."

చెల్లెలు కట్టు కట్టిన చేతులను ఒళ్లో పెట్టుకుని నేల వైపు చూస్తోంది. "నువ్వెవరివే," అంది తల ఎత్తకుండా, "నా ఇంటి సంగతి చెప్పడానికి?" గొంతులో కోపం మొదటి మాటకే చాలింది, చివరి మాటకు మిగల్లేదు.

ఎదురు గదిలోంచి గొట్టాలాయన మూలుగు వినిపించింది. చెల్లెలు ఉలిక్కిపడి భుజాలు ముడుచుకుంది. ఆ కదలికకు వీపు మీద అంటుకుపోయిన బట్ట ఊడి, ఆమె పళ్లు బిగపట్టింది. బట్ట మీద అడ్డంగా చారలా ఊరిన రక్తాన్ని పోలీసామె చూసింది.

"పడితే దెబ్బ అడ్డంగా తగలదు కదా," అంది నెమ్మదిగా. "ఆ పక్క గది ఖాళీగా ఉంది. ఆడ డాక్టరుంది. నాకు చూపించనక్కర్లేదు, ఆమెకు చూపించండి. నేను బయట ఉంటాను."

తుడుపు బకెట్‌తో ఒకామె వాళ్ల కాళ్ల దాకా వచ్చి, కాళ్లు ఎత్తమని సైగ చేసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ కాళ్లు ఎత్తారు. ఆమె తుడిచి ముందుకు వెళ్లింది.

తడి ఇంకా ఆరలేదు. చెల్లెలు బల్ల అంచు పట్టుకుని లేచింది. అక్క వైపు చూడలేదు. మొగుడి గది తలుపు ముందు ఒక్క అడుగు ఆగి, దాన్ని దాటుకుని, పోలీసామె చూపించిన గదిలోకి వెళ్లింది.